బటన్ నొక్కింది మీరే కదా: గేముల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వీడియో గేముల గురించి రాయడం మొదలుపెట్టాక ఉత్తరాల్లో రెండు రకాల కోపం కనిపిస్తోంది. పిల్లలాటకి ఇన్ని పేజీలా అని కొందరు, మేం ప్రేమగా ఆడుకునేదాన్ని ఎందుకు కెలుకుతారని మరికొందరు. ఈసారి ఇద్దరి ఉత్తరాలూ తీసుకున్నాను. పొడుగ్గా ఉన్నవాటిని ప్రశ్న వరకే కుదించాను.

ప్రశ్న: సినిమాకి సమీక్ష అంటే అర్థముంది. కథ, నటన, సంగీతం ఉంటాయి. గేమ్‌లో ఏముందని విమర్శ? గ్రాఫిక్స్ బాగున్నాయా, బోర్ కొడుతోందా, అంతేగా?

గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎన్ని గంటలు ఆడొచ్చు అన్నవి కొనాలా వద్దా అని చూసుకునేవాళ్లకి పనికొచ్చే సంగతులు. అవీ కావాలి. విమర్శ మాత్రం ఇంకో చోట మొదలవుతుంది: ఈ గేమ్ నా చేత ఏం చేయిస్తోంది, ఏం చేస్తే మెచ్చుకుంటోంది, ఏం చేస్తే శిక్షిస్తోంది? సినిమాలో హీరో తప్పు చేస్తే మనం కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పొచ్చు. గేమ్‌లో ఆ తప్పు మన వేలితోనే జరుగుతుంది.

ఒక గేమ్‌ని దగ్గరగా చూద్దాం. లూకస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో తయారుచేసి 2013లో విడుదల చేసిన 'పేపర్స్, ప్లీజ్'. ఆర్‌స్టోట్స్‌కా అనే కల్పిత దేశపు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగి మీరు. ఒక్కొక్కరే కిటికీ ముందుకొచ్చి కాగితాలు పెడతారు. ఫొటో, తేదీలు, ముద్రలు సరిపోయాయో లేదో చూసి పచ్చ ముద్రో ఎర్ర ముద్రో వేయాలి. తలకి ఇంత అని డబ్బు. రాత్రికి ఇంటద్దె, తిండి, చలి కాచుకోవడానికి హీటింగ్, జబ్బు చేస్తే మందులు, అన్నీ అందులోంచే గడవాలి. కొద్ది రోజులయ్యాక ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి. నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయ చూడండి అంటాడు. ఆమె వస్తుంది, ఆమె దగ్గర ప్రవేశ పత్రం ఉండదు. వెనక్కి పంపితే నన్ను చంపేస్తారంటుంది. లోపలికి రానిస్తే బల్ల పక్కనున్న మెషిన్ టకటకమంటూ హెచ్చరిక చీటీ ముద్రించి పడేస్తుంది. రోజుకి మొదటి రెండు తప్పులకి హెచ్చరికతో సరి, మూడో తప్పు నుంచి జరిమానా. ఇప్పుడు మీ బుర్ర చేసే పని ఏమిటంటే, ఇవాళ ఇప్పటికి ఎన్ని చీటీలు వచ్చాయో లెక్కపెట్టడం. ఎదురుగా ఒక మనిషి ప్రాణం కోసం బతిమాలుతుంటే మనం చీటీలు లెక్కపెట్టుకుంటూ ఉంటాం. నియంతల పాలనలో మామూలు ఉద్యోగులు ఎలా రాయిలా మారిపోతారో చెప్పే వ్యాసాలు చాలానే చదివాను గానీ, ఆ లెక్క నా సొంత తలలో నడుస్తుంటే ఎలా ఉంటుందో ఈ గేమ్ ఆడితేనే తెలిసింది. ఇంకాస్త ముందుకెళితే ఆ లెక్క కూడా పోతుంది, క్యూ కదలడం లేదన్న చిరాకే మిగులుతుంది.

నియమాలతో ఒక వాదన వినిపించడం కంప్యూటర్లతో పుట్టిన విద్యేమీ కాదు. ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ మహిళ 1904లో 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అనే బోర్డ్ గేమ్‌కి పేటెంట్ పొందారు. భూమంతా కొద్దిమంది చేతిలో ఉంటే మిగతావాళ్లు అద్దెలు కట్టీ కట్టీ ఎలా చితికిపోతారో ఆడేవాళ్లకి అనుభవంలోకి రావాలన్నది ఆమె పట్టుదల. ఆ ఆటకి ఆమె రెండు రకాల నియమాలు రాశారు. ఒక పద్ధతిలో ఆడితే ఒక్కరు గెలిచి మిగిలినవాళ్లందర్నీ దివాలా తీయిస్తారు, ఇంకో పద్ధతిలో సంపద పెరిగిన కొద్దీ అందరికీ వాటా అందుతుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ దాని సంతతిని 'మోనోపలీ' పేరుతో అమ్మడం మొదలుపెట్టేసరికి ఆ రెండో పద్ధతి రాలిపోయింది. చుట్టూ గళ్లు, పాచికలు, అద్దెలు అన్నీ ఉన్నాయి. ఒక్క నియమాల చీటీ మారేసరికి, ఇలా చేస్తే మునుగుతాం అని చెప్పిన ఆట, ఇలా చేస్తేనే గెలుస్తాం అని చెప్పే ఆట అయిపోయింది. ఇలాంటి మార్పుని పట్టుకుని చూపించేవాళ్లు ఉండాలా వద్దా? ఉండాలనే నేను రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఎప్పుడు చూసినా తుపాకులు, కాల్పులు. వాడు మంచివాడే, కానీ ఇదంతా బుర్రకెక్కుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆపించేయమంటారా?

ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం అమ్మా. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ విషయం మీద తన తీర్మానాన్ని 2020లో సవరించింది. హింస ఉన్న గేములకీ, అరవడం, తోసేయడం లాంటి దూకుడుకీ కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందని చెబుతూనే, నిజమైన హింసాకాండకి గేములు కారణమనడానికి తగినంత ఆధారం లేదని స్పష్టంగా అంది. కాబట్టి వాడు రేపు ఎవరి మీదో చెయ్యి చేసుకుంటాడని నిద్ర పాడుచేసుకోకండి. నిద్ర, చదువు, స్నేహాలు సరిగ్గా ఉన్నాయా, ఆ గేమ్ వయసు రేటింగ్ ఎంత, ఈ రెండూ చూసుకోండి. రేటింగ్ 18 ఉంటే పద్నాలుగేళ్లవాడికి వద్దని చెప్పే హక్కు మీకుంది, దానికి పరిశోధనలేవీ అక్కర్లేదు.

నాకు బెంగగా ఉండేది ఇంకో విషయం. ఆ గేముల్లో చచ్చేవాళ్లెవరో ఒకసారి చూడండి. చాలా యుద్ధం గేముల్లో శత్రువు ముఖానికి గుడ్డో హెల్మెట్టో ఉంటుంది. పేరుండదు. పడిపోయిన కాసేపటికి శవం కూడా మాయమవుతుంది. వీధులుంటాయి, ఇళ్లుంటాయి, వాటిలో కాపురం ఉండేవాళ్లు మాత్రం ఎవరూ కనపడరు. యుద్ధమంటే సాయుధులైన మగవాళ్ల మధ్య ఖాళీ ఊళ్లో జరిగే పోటీ అన్న అభిప్రాయం వందల గంటలపాటు నెమ్మదిగా ఇంకుతుంది. నాకు కాల్పుల కన్నా ఈ ఖాళీ వీధులే ఎక్కువ అబద్ధంగా కనిపిస్తాయి.

ఆ అబద్ధానికి జవాబు కూడా గేముల్లోంచే వచ్చింది. పోలండ్‌కి చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014లో విడుదల చేసిన 'దిస్ వార్ ఆఫ్ మైన్'లో మీరు సైనికులు కారు, ముట్టడిలో చిక్కుకున్న ఊళ్లో శిథిలమైన ఇంట్లో తలదాచుకున్న మామూలు మనుషులు. 1990ల్లో బోస్నియాలోని సరయేవో నగరం అనుభవించిన ముట్టడి దానికి ప్రేరణ. పగలు స్నైపర్ల భయానికి బయటికి రాలేరు, పొయ్యి కట్టుకుంటారు, మంచం చేసుకుంటారు, ఆకలితో ఉన్నవాళ్లలో ఎవరికి ముందు పెట్టాలో తేల్చుకుంటారు. రాత్రి ఒకరు సామాను వెతకడానికి వెళ్లాలి. అలా వెళ్లే చోట్లలో ఒకటి ఒక ముసలి దంపతుల ఇల్లు. ఇంట్లో తిండి, మందులు ఉంటాయి. వాళ్లు ఎదురుతిరగరు. ఆ ముసలాయన మీ వెనకే నడుస్తూ వద్దు బాబూ అని బతిమాలతాడు, అంతే. మీరు సంచి నింపుకుని ఇంటికొస్తే మందులు దక్కుతాయి, మీవాళ్లు బతుకుతారు, కానీ ఆ పని చేసిన మనిషి కుంగిపోతాడు, ఒక్కోసారి లేచి పని కూడా చెయ్యలేడు. 2020లో పోలండ్ ప్రభుత్వం ఈ గేమ్‌ని విద్యార్థులకి సిఫారసు చేసిన పాఠ్యాల జాబితాలో చేర్చింది, అదీ పెద్ద తరగతుల వాళ్లకి. ఇది చిన్న పిల్లలకి ఇచ్చే గేమ్ కాదు. మీరు ఆడి చూడండి.

అబ్బాయితో మాత్రం ఒక పని చేయండి. గదిలోకొచ్చి కట్టెయ్ అనే బదులు ఒక పూట పక్కన కూర్చోండి. నువ్వు కాల్చినవాడు ఎవడు, ఆ ఊళ్లో మనుషులు ఏమయ్యారు అని మామూలుగా అడగండి, నిలదీసినట్టు కాదు. పద్నాలుగేళ్లవాళ్లు ఇలాంటి ప్రశ్నకి మనం అనుకున్నదానికన్నా బాగా జవాబు చెబుతారు.

ప్రశ్న: గేములు ఎప్పటికీ కళ కాలేవని పెద్ద సినీ విమర్శకుడొకరు అన్నారట. మీరేమంటారు?

రోజర్ ఈబర్ట్ 2010లో అలా రాశారు. గేములో గెలుపోటములు, లక్ష్యాలు ఉంటాయి, కళలో గెలవడం ఏముంటుందన్నది ఆయన వాదనలో ఒక భాగం. కొద్ది నెలలకే, గేములు ఆడకుండా ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనే రాశారు. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 14 గేముల్ని తన సేకరణలోకి తీసుకుంది, 'ప్యాక్‌మ్యాన్', 'టెట్రిస్' వాటిలో ఉన్నాయి. ఈ చర్చ ఇక్కడితో చాలు. కళ అన్న బిరుదు దొరికితే గేముకి కొత్తగా వచ్చేదేమీ లేదు, మన చూపు పదునెక్కేదీ లేదు.

ప్రశ్న: రోజూ ఫోన్‌లో ఒక గేమ్ ఓపెన్ చేస్తాను. నిజం చెప్పాలంటే సరదా ఎప్పుడో పోయింది. ఒక్క రోజు మానేస్తే స్ట్రీక్ (రోజూ వరసగా ఆడిన లెక్క) పోతుందని ఆడుతున్నాను. అప్పుడప్పుడూ డబ్బులు కూడా పెడుతున్నాను. నేను అడిక్ట్ అయ్యానా? ఏం చేయమంటారు?

ఆ పదం మీకు మీరే తగిలించుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' 2022 నుంచి అమల్లో ఉంది, కానీ దాని కొలతలు గట్టివి: ఆట మీద అదుపు పోవాలి, మిగతా జీవితం కన్నా ఆటే ముఖ్యం కావాలి, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవాలి, ఇది మామూలుగా ఏడాదిపాటైనా సాగాలి. మీ పరిస్థితి అలాగే ఉందనిపిస్తే డాక్టర్‌తో మాట్లాడండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీ ఉత్తరం చదివితే మాత్రం నాకు రోగం కన్నా ఒక డిజైన్ ఎక్కువగా కనిపిస్తోంది.

సరదా పోయినా ఆడుతున్నానన్నారే, ఆ గేమ్ సరిగ్గా అందుకోసమే తయారైంది. స్ట్రీక్ అనేది బహుమతి రూపంలో ఉన్న బెదిరింపు. మొదటి రోజు అది మీకేమీ ఇవ్వదు, వందో రోజుకి మాత్రం మీ దగ్గర పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేలా చేస్తుంది. ఎనర్జీ అయిపోయింది మళ్లీ నాలుగు గంటల తర్వాత రండి అనడం, ఈ పెట్టె ఇవాళ్టి వరకే అనడం, మీ టీమ్ మీ కోసం ఎదురుచూస్తోందని నోటిఫికేషన్ పంపడం, ఇవన్నీ అదే కుదురులోవి. లూట్ బాక్స్, గాచా సంగతి సరేసరి. ఏం వస్తుందో తెలియని పెట్టెకి డబ్బు కట్టడం. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో పావురాలకి, ఎలుకలకి బహుమతి ఎప్పుడొస్తుందో తెలియకుండా చేస్తే అవి మీట నొక్కడం మానలేదని దశాబ్దాల క్రితమే తేలింది. జూదం మెషిన్లు నడిచేది ఆ సూత్రం మీదే. అందుకే జపాన్ 2012లో గాచాలో ఒక రకాన్ని, ముక్కలన్నీ పోగుచేస్తే పెద్ద బహుమతి ఇస్తామనేదాన్ని, చట్టవిరుద్ధమంది. బెల్జియం 2018లో డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు జూదం కిందికే వస్తాయని తేల్చింది.

ఇయాన్ బోగోస్ట్ అనే గేముల అధ్యాపకుడు 2010లో ఫేస్‌బుక్ మీద 'కౌ క్లిక్కర్' అని ఒక గేమ్ పెట్టారు. అప్పట్లో ఊపేస్తున్న పొలం గేముల తీరు ఎంత ఖాళీదో చూపించాలని చేసిన వ్యంగ్యం అది. తెర మీద ఒక ఆవు. ఆరు గంటలకోసారి దాన్ని క్లిక్ చేయొచ్చు. అంతకు మించి ఏమీ లేదు. వేలమంది వచ్చారు, క్లిక్ చేశారు, రంగురంగుల ఆవులకి డబ్బు కూడా కట్టారు. చివరికి 2011లో ఆయన ఆవులన్నిటినీ మాయం చేశారు, ఖాళీ గడ్డి మిగిలింది. ఆ ఖాళీ గడ్డినే క్లిక్ చేస్తూ ఉండిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు తెలివితక్కువవాళ్లని నేను ఎప్పటికీ అనను. స్నేహితులు అక్కడ ఉన్నారు, అలవాటు పడింది, రోజులో ఆ క్షణానికి ఒక చోటు ఏర్పడింది. మనిషిలో ఉన్న ఈ మంచి గుణాన్నే, మొదలుపెట్టినదాన్ని వదలకపోవడాన్ని, కొన్ని గేములు పిండుకుంటాయి. నా కోపం ఆ డిజైన్ చేసేవాళ్ల మీద, మీలాంటివాళ్ల మీద కాదు.

ఏం చేయాలో కూడా అడిగారు. కావాలనే ఒక రోజు స్ట్రీక్ తెంపండి. ఫోన్ దాచేసి కాదు, గేమ్ గుర్తుండగానే, ఇవాళ వద్దు అనుకుని. మర్నాడు ఓపెన్ చేసినప్పుడు ఆ సున్నా చూసి మీకేమనిపిస్తుందో చూడండి. ఆడాలనిపిస్తే ఆడండి. ఆడాలనిపించకపోతే డిలీట్ చేసేయండి, పెట్టిన డబ్బు గురించి ఆలోచించకండి, అది ఎలాగూ తిరిగి రాదు.

ప్రశ్న: గేముల్లోకి రాజకీయాలు ఎందుకు తెస్తారు? ఆడవాళ్ల బొమ్మలు, వలస పాలన అంటూ. మేం సాయంత్రం రెండు గంటలు హాయిగా ఆడుకోవాలి. ఇవన్నీ మీ తలలో ఉన్నవి, గేమ్‌లో లేవు.

మీ హాయిని నేను చిన్నచూపు చూడను, అలసిపోయి వచ్చిన మనిషికి అది అవసరం. కానీ గేమ్‌లో లేవన్నారు కాబట్టి గేమ్‌లోంచే రెండు చూపిస్తాను.

మొదటిది 1986 నాటి 'మెట్రాయిడ్'. ఆట మొత్తం మీరు ఒక కవచంలో ఉన్న యోధుడిగా గ్రహాంతర గుహల్లో తిరుగుతారు. ఆటతో వచ్చిన చిన్న పుస్తకంలో కూడా అతను అనే రాశారు. చివర్లో ఆ యోధుడు మహిళ అని తెలుస్తుంది, ఆమె పేరు సామస్. అప్పటి గేముల్లో ఆడవాళ్లంటే ఎక్కువగా ఎవరో ఒకరు వచ్చి విడిపించాల్సినవాళ్లే కాబట్టి ఇది నిజంగా గొప్ప మలుపు, చాలామంది అమ్మాయిలు ఆ క్షణం గురించి ఇప్పటికీ చెబుతారు. కానీ ఆ మలుపు ఎలా దక్కుతుందో చూడండి. నిదానంగా పూర్తిచేస్తే సామస్ కవచంతోనే కనిపిస్తుంది. త్వరగా పూర్తిచేస్తే కవచం తీస్తుంది. ఇంకా త్వరగా, గంటలోపు ముగిస్తే బికినీలో నిలబడుతుంది. అంటే ఎంత బాగా ఆడితే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్ట. ఇది నా తలలో పుట్టింది కాదు కదండీ, ప్రోగ్రామ్‌లో రాసిన షరతు. ఒకే గేమ్ ఆమెని నాయకురాలిగానూ నిలబెట్టింది, ఆడినవాడికి ఇచ్చే బహుమానంగానూ మార్చింది. ఈ రెండూ ఒకేసారి నిజం. రెండోది చెప్పినందుకు మొదటిదాన్ని నేను ప్రేమించడం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

రెండోది 1991లో మొదలైన 'సివిలైజేషన్' వరస, ఒక నాగరికతని మొదటి నుంచీ మీరే నడిపించే గేములు. నాకు చాలా ఇష్టమైన గేములు ఇవి, ఇంకొక్క టర్న్ (వంతు) అనుకుంటూ తెల్లారిపోయిన రాత్రులు ఉన్నాయి. ఆట మొదట్లో మ్యాప్ అంతా చీకటి. మీరు వెళితేనే వెలుగు పడుతుంది, మీరు చూస్తేనే నేల పుడుతుంది. దారిలో చిన్న గుడిసెలు ఎదురవుతాయి, ఎవరో తెగవాళ్ల ఊరు. మీ సైనికుణ్ణి ఆ గడిలోకి నడిపిస్తే బంగారమో, కొత్త విద్యో, ఒక సైన్యమో చేతికొస్తుంది, ఆ వెంటనే ఊరు మ్యాప్ మీంచి మాయమైపోతుంది. వాళ్లెవరు, ఎక్కడికి పోయారు, ఆట చెప్పదు. వాళ్లకి టర్న్ అంటూ లేదు, పేరూ లేదు. అక్కడ ముందే మనుషులున్న నేలని ఖాళీ నేల అని పిలిచి ఆక్రమించుకున్న చరిత్ర ప్రపంచంలో ఎంత ఉందో మీకు తెలుసు. ఆ చరిత్ర రాసినవాళ్ల చూపునే ఈ నియమం తెలియకుండానే అరువు తెచ్చుకుంది. డిజైనర్లు దుర్మార్గులని నేననడం లేదు, ఒక మనిషి చేతిలో మొత్తం దేశం పెట్టి ఆడించాలంటే ఏదో ఒకటి సులువు చేయక తప్పదు. ఏది సులువు చేశారన్న దగ్గరే వాళ్ల లోకం తెలిసిపోతుంది.

ఇది చదివాక కూడా మీరు ఆడండి, నేనూ ఆడతాను. ఆ గుడిసె దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగితే ఆట పాడైపోయినట్టు నాకనిపించదు. ఇంకో సంగతి, గేములు అభిమానించేవాళ్లలో కొందరు ఇలాంటి మాటలు రాసిన ఆడవాళ్లని 2014లో ఎంత దారుణంగా వేధించారో, ఇళ్లు వదిలి వెళ్లేదాకా బెదిరించారో అందరూ చూశారు. మీ ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ లేదు, అందుకే ఇంత వివరంగా జవాబు రాశాను.

ప్రశ్న: ఆడే ఓపిక లేదు. యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే చూస్తాను. కథ తెలిసిపోతుంది కదా, చాలదా? గేములు సిరీస్‌లుగా కూడా వస్తున్నాయి.

కథ తెలుస్తుంది. కొన్ని గేములకి అది సరిపోతుంది కూడా, వాటిలో నిజంగా ఉన్నది సినిమానే, మధ్యమధ్య మన చేతికి పని కల్పిస్తారు. అన్నిటికీ సరిపోదు. 'ది లాస్ట్ ఆఫ్ అస్' ముగింపు తెలియనివాళ్లు ఈ పేరా వదిలేయండి. 2013 నాటి గేమ్‌కీ, 2023లో వచ్చిన సిరీస్‌కీ కథ ఒకటే. జోయెల్ అనే ఆయన కూతురిలా చూసుకుంటున్న ఎల్లీని బతికించుకోవడానికి ఆసుపత్రిలో వరసగా మనుషుల్ని చంపుతాడు, ఆమె చనిపోతే లోకాన్ని పట్టిన అంటురోగానికి మందు దొరికే అవకాశం ఉందని తెలిసి కూడా. సిరీస్‌లో అది చూసి మనం భయపడతాం, జాలిపడతాం. గేమ్‌లో ఆపరేషన్ గది తలుపు తీసేది మనం. చిన్న కత్తి పట్టుకుని డాక్టర్ అడ్డం నిలబడతాడు. మీరు ఎంతసేపు కదలకుండా నిలబడినా గేమ్ కూడా అలాగే నిలబడుతుంది, ఇంకో దారి ఇవ్వదు, ఆ డాక్టర్‌ని మీరే చంపాలి. కొందరు ఆడేవాళ్లు అక్కడ కంట్రోలర్ కింద పెట్టేస్తారు. కొందరు ఆలోచించకుండా కాల్చేసి, ఆ తర్వాత ఆలోచిస్తారు. చూసేవాళ్లకి ఈ రెండూ ఉండవు, ఆ పాపం వీడియో పెట్టినవాడిది.

ఓపిక లేదన్నారు కాబట్టి పెద్దవి వద్దు. రెండు మూడు గంటల్లో అయిపోయే గేములు బోలెడున్నాయి. ఏదైనా ఒక్కటి మీ చేత్తో ఆడి, అదే గేమ్ ఎవరో ఆడిన వీడియో చూడండి. వాళ్లు పరిగెత్తుకుంటూ దాటేసిన చోట మీరు ఆగి ఉంటారు. అక్కడి నుంచి మనిద్దరం మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: చిన్నప్పుడు ఆడిన గేములు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. పాత సినిమాలు దొరుకుతున్నాయి, ఇవెందుకు దొరకవు?

బాధ పడాల్సిన విషయమే. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం మార్కెట్‌లో కొనడానికి లేవు. పాత మెషిన్లు పాడయ్యాయి, హక్కులు ఎవరి దగ్గరున్నాయో తెలియదు, కొన్నిటికి అసలు ప్రోగ్రామే దొరకదు. పైగా గేమ్ దాని యంత్రంతో కలిసే పుడుతుంది. 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్'లో మీరు శత్రువుల్ని కూల్చిన కొద్దీ మిగిలినవి వేగం పెంచుకుంటూ మీదికొస్తాయి, ఆ ఆట టెన్షన్ అంతా అందులోనే ఉంది. అది ముందుగా వేసుకున్న పథకం కాదు. అన్ని బొమ్మల్ని కదిలించడం ఆ చిప్ వల్ల కాక నెమ్మదిగా నడిచేది, బొమ్మలు తగ్గేసరికి భారం తగ్గి పరుగందుకునేది. తయారుచేసిన తొమొహిరో నిషికాడో దాన్ని అలాగే ఉంచేశారు. దాచాలంటే ఆ యంత్రం తీరు కూడా దాచాలి.

ఇప్పటి గేముల పరిస్థితి ఇంకా ఘోరం. 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల గేమ్‌ని ఒంటరిగా ఆడుకున్నా కంపెనీ సర్వర్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న యుబీసాఫ్ట్ ఆ సర్వర్లు ఆపేసింది, డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లందరికీ అది పనికిరాకుండా పోయింది. ఆ కోపంతోనే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది, యూరప్‌లో వాళ్ల విజ్ఞాపన మీద 2025లో పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. సర్వర్ ఆపే ముందు గేమ్‌ని ఎలాగోలా ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లమన్నదే వాళ్ల కోరిక. నా పూర్తి మద్దతు ఉంది.

ప్రశ్న: నాకు యాభై దాటాయి. జీవితంలో ఒక్క గేమ్ ఆడలేదు. మీ వ్యాసాలు చదివి ఆడాలనిపిస్తోంది. మా అమ్మాయి కంట్రోలర్ ఇస్తే రెండు నిమిషాల్లో గోడకి గుద్దుకుని ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టను?

ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం మీదే. గోడకి గుద్దుకోవడం గురించి దిగులు పెట్టుకోకండి. ఒక చేత్తో నడుస్తూ ఇంకో చేత్తో తల తిప్పి చూడటం అలవాటైతే తప్ప రాదు, అలవాటైనవాళ్లు అది ఎప్పుడు నేర్చుకున్నారో మర్చిపోయారు. గేములు కొన్ని ఈ పాఠం చాలా అందంగా చెబుతాయి. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' మొదటి తెరలో ఒక్క అక్షరం సూచన ఉండదు. మీరు ఎడమవైపు ఉంటారు, కుడివైపు ఖాళీ, కాబట్టి కుడికి నడుస్తారు. ఎదురుగా ఒక చిన్న పురుగులాంటిది వస్తుంది. తగిలితే చస్తారు, మళ్లీ అక్కడి నుంచే మొదలు, పోయింది ఏమీ లేదు. రెండోసారి గెంతుతారు. గెంతితే పైనున్న మెరిసే పెట్టెకి తల తగిలి ఏదో బయటికొస్తుంది. నిమిషంలోపు సగం ఆట వచ్చేసింది. అదే మీ మొదటి పాఠంగా పెట్టుకోండి.

తర్వాత 2012లో వచ్చిన 'జర్నీ'. ఎడారిలో నడుస్తూ దూరంగా కనిపించే కొండ చేరాలి, రెండు గంటల్లో అయిపోతుంది. మధ్యలో ఇంటర్నెట్ ద్వారా ఎవరో ఒక ముక్కూమొహం తెలియని మనిషి కలుస్తారు. పేరు కనపడదు, మాట్లాడే వీలు లేదు, చిన్న గంటలాంటి శబ్దం చేయొచ్చు, అంతే. తయారీ దశలో ఆడేవాళ్లు ఒకరినొకరు గోతుల్లోకి తోసేసుకునేవారని, అందుకే ఒకరికొకరు అడ్డు తగలకుండా మార్చేశామని దర్శకుడు జెనోవా చెన్ చెప్పారు. పూర్తయిన ఆటలో పక్కపక్కన నడిస్తే ఇద్దరికీ ఎగిరే శక్తి వస్తుంది. ఆ ఒక్క మార్పుతో ఊరూ పేరూ తెలియనివాళ్లు ఒకరి కోసం ఒకరు ఆగడం మొదలుపెట్టారు. మీకు దారి తెలియకపోతే ఎవరో ఒకరు శబ్దం చేస్తూ పిలుస్తారు, వెళ్లండి.

అది అయ్యాక కాస్త కష్టమైనది కావాలంటే 2018 నాటి 'సెలెస్ట్'. మాడలీన్ అనే అమ్మాయి తన ఆందోళనతో పోరాడుతూ కొండ ఎక్కుతుంది, వందలసార్లు పడతారు. అందులో అసిస్ట్ మోడ్ అని ఉంది, ఆట వేగం తగ్గించుకోవచ్చు, అలసిపోకుండా పట్టుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా పెట్టుకోవచ్చు. అలా ఆడితే ఆడినట్టే కాదని మీ అమ్మాయి స్నేహితులెవరైనా అంటే పట్టించుకోవద్దు, తయారుచేసినవాళ్లే ఆ తలుపు పెట్టారు. మెనూలోకి వెళ్లి, మొదట వేగం ఎనభై శాతానికి తగ్గించి చూడండి. అప్పటికీ కష్టంగా ఉంటే ఇంకా తగ్గించుకోండి.